గువ్వ ముందుపన్ను

ఇల్లు,
జూన్, ఆదివారం మధ్యాహ్నం

డాక్టరమ్మకి,

నిన్న ఫోను పెట్టేసింది నేనే. లైను పోయిందని మీ అన్నయ్య నీతో చెప్పాడట, నమ్మకు. పాపం ఆయన పెళ్ళానికీ చెల్లెలికీ మధ్య నలిగి నలిగి చివరికి ఒక ఉపాయం కనిపెట్టాడు. "మీరిద్దరూ ఫోనులో ఒకరి మాట ఒకరు వినిపించుకోరు. ఉత్తరాలు రాసుకోండి. చదివేటప్పుడైనా మధ్యలో అడ్డుపడలేరు కదా" అన్నాడు. సరే, రాస్తున్నాను. అడ్డుపడకుండా చదువు.

గువ్వ నీ దగ్గర్నుంచి వచ్చి వారమైంది. వచ్చిన దగ్గర్నుంచీ సాయంత్రం బల్ల ముందు కూర్చుని, కాగితం ముక్క ఒకటి చింపి, రెండు పెదవుల మధ్యా పెట్టుకుని లెక్కలు చేసుకుంటోంది. "ఏమే, బడిలో ఏం జరిగింది ఇవాళ?" అంటే వేలెత్తి ఆగమంటుంది. పెదాలు మూసి ఉంచడం అలవాటు కావాలని అత్త చెప్పిందట. అరగంట దాకా కాగితం జారకూడదట. నేను పెద్దపిల్లల ప్రాక్టీసు ముగించుకుని ఇల్లు చేరేది ఆ వేళకే. రోజంతా బాస్కెట్‌బాల్ కోర్టులో విజిల్ ఊది ఊది వచ్చి, కన్నకూతురితో నాలుగు మాటలు చెప్పుకుందామనుకునేది ఆ కాసేపే. సరిగ్గా ఆ కాసేపూ దాని నోరు మూయించావు.

ఎత్తుపళ్ళు సరిచేయమని నీకు అప్పగించాం, కాదనను. నెలకో శనివారం మీ అన్నయ్య దాన్ని రైల్లో తీసుకొస్తాడు. శనివారాలు నాకు మ్యాచ్‌లు, నేను రాలేను. అది నీకు బాగా కలిసొచ్చింది. తిరిగొచ్చాక మూడు రోజులు అత్త ఇలా అంది, అత్త అలా నవ్వింది, అత్త వంటింట్లో పాటలు పాడుతుంది. వినీ వినీ నా చెవులు చిల్లులు పడ్డాయి.

దాపరికం ఎందుకు, నాకు కుళ్ళుగా ఉంది. పళ్ళు మార్చమని పంపిస్తే నువ్వు పిల్లనే మార్చి పంపిస్తున్నావు.

మీ వదిన


క్లినిక్,
పేషెంట్లు లేని వేళ

వదినా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఒకసారి నవ్వొచ్చింది, ఒకసారి రాలేదు.

ముందు కాగితం సంగతి. పొద్దున్న చదువుకునేటప్పుడు పెట్టుకోమన్నాను. సాయంత్రం అని నేను చెప్పలేదు. ఆ వేళ ఎందుకు ఎంచుకుందో దాన్నే అడుగు.

ఇక పళ్ళ సంగతి. గువ్వ పైపళ్ళు కిందిపళ్ళకంటే నా చిటికెన వేలు మందాన ముందుకున్నాయి. పై పెదవి వాటిని పూర్తిగా కప్పదు. ఏ దెబ్బ తగిలినా పెదవి అడ్డం లేక నేరుగా పన్నుకే తగులుతుంది. పైగా దాని వయసు పరుగులు తీసే వయసు, ఆడేది మోచేతులు మొహానికి తగిలే ఆట. క్లిప్పుల కోసమని నా దగ్గరికి వచ్చే పిల్లల్లో ఎందరికో ముందుపన్ను అప్పటికే చిట్లి ఉంటుంది. ఎప్పుడైందని అడిగితే అమ్మానాన్నలు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. ఎత్తుపళ్ళంటే అందానికి సంబంధించిన విషయమే అనుకుని, తర్వాత చూద్దాంలే అని ఊరుకుంటారు. దెబ్బ భయం ఎవరికీ తోచదు.

అవి మా ఇంటి పళ్ళు వదినా. ఉయ్యాల మీంచి పడి నా ముందుపన్ను విరిగినప్పుడు నాకు సరిగ్గా గువ్వ వయసే. నేను నవ్వితే నీకు కనిపించేది పన్ను కాదు, తొడుగు. అందుకే దాని విషయంలో నాకు అంత చాదస్తం.

ఈసారి వచ్చినప్పుడు ఆటలో దెబ్బ తగలకుండా పళ్ళకి తొడుక్కునే గార్డు ఇచ్చి పంపుతాను. దాని పళ్ళ అచ్చు తీసి చేసింది, ఇంకెవరికీ పట్టదు. నీలం రంగు అదే ఎంచుకుంది. ఆడే ముందు, పళ్ళు వెనక్కి జరపడానికి పెట్టిన ప్లేటు తీసేసి ఇది పెట్టుకోవాలి. కోచ్‌వి నువ్వే కాబట్టి చూసుకోవలసింది నువ్వే.

కుళ్ళు అన్నావు చూడు, ఎంత హాయిగా అనేశావు. నాకా ధైర్యం లేదు.

గువ్వ అత్త


బడి, ఆటసామాను గది,
జూలై

మా ఇంటి పళ్ళ సొంతదారుకి,

ఆ పిల్లని తొమ్మిది నెలలు మోసింది మీ ఇల్లు కాదు తల్లీ, నేను. నా పలువరస చూశావుగా, అద్దంలా ఉంటుంది. నా కడుపున పుట్టి, నీ పళ్ళు, నీ నడక, నీ పెంకితనం పుణికి పుచ్చుకుంది. నా పోలిక ఎక్కడుందని వెతికితే కాలివేళ్ళ దగ్గర కాస్త కనిపిస్తుంది.

గార్డు బాగానే ఉంది. పెట్టుకుంటే మూతి కోతిలా ఉంటుందని ఏడుస్తుందేమో, అప్పుడు నేను సముదాయించాలి అనుకున్నాను. ఎక్కడ, ఊరేగింపుగా అందరికీ చూపించుకుంది. అంతటితో ఊరుకుందా, జట్టునంతా చుట్టూ కూర్చోబెట్టుకుని పాఠం మొదలెట్టింది. "పన్ను మొత్తం ఊడి కింద పడితే భయపడకూడదు. తెల్లగా కనిపించే వైపే పట్టుకోవాలి, వేరు ముట్టుకోకూడదు. మట్టి అంటితే నీళ్ళు పోయాలి కానీ రుద్దకూడదు. వెంటనే ఊడిన చోటే పెట్టేసి, గుడ్డ కొరికి పట్టుకోవాలి. చేతకాకపోతే పాలల్లో వేసుకుని డాక్టరు దగ్గరికి పరిగెత్తాలి. మా అత్త చెప్పింది." నీ గొంతు, నీ చేతులు తిప్పడం, నీలాగే కనుబొమలు ఎగరేయడం. పిల్లలందరూ చప్పట్లు కొట్టారు.

నేను విజిల్ పట్టుకుని ఓ మూల నిలబడ్డాను. బంతి పట్టుకోవడం నేర్పింది నేను, పరిగెత్తడం నేర్పింది నేను. "మా అమ్మ చెప్పింది" అని అది ఎవరికైనా చెప్పగా ఒక్కనాడూ వినలేదు. ఒళ్ళు మండి ఇంటికెళ్ళి నీ పాఠమంతా మూతి తిప్పుకుంటూ మీ అన్నయ్యకి వెక్కిరించి చూపించాను. ఇప్పుడది నాకు అలవాటైపోయింది. కూరలు తరుగుతూ కూడా అదే వెక్కిరింత. నీ పాఠం నాకు కంఠతా వచ్చేసింది, చూసుకో.

కాగితం సంగతి అడిగాను. "సాయంత్రం నువ్వు ఎప్పుడూ ఆటలో నా తప్పులే చెబుతావు కదమ్మా" అంది. ఇది నీకు ఎందుకు రాస్తున్నానో నాకే తెలియడం లేదు.

వదిన


క్లినిక్ పైన ఇల్లు,
సెప్టెంబరు

వదినా,

పోయిన నెలా రాలేదు, ఈ నెలా రాలేదు. మ్యాచ్‌లని అన్నయ్య చెప్పాడు. గువ్వ ఫోనులో గార్డు బిగుతుగా ఉంది అంది. పళ్ళు వెనక్కి జరుగుతున్నాయన్నమాట, మనకి కావలసిందీ అదే. పళ్ళు కదిలితే గార్డు కూడా మార్చాలి. సెలవుల్లో వచ్చినప్పుడు కొత్తది చేస్తాను.

ఒక మాట అడుగుతాను, కోప్పడకు. ఇలా వచ్చీ రాక సగం సగం వైద్యం చేయడం నాకు నచ్చడం లేదు. వచ్చే ఏడాది దాన్ని ఇక్కడి బడిలో వేద్దామా? ఇంటికి దగ్గర్లోనే ఉంది. కోర్టు కూడా ఉంది, నేను వెళ్ళి చూసొచ్చాను. చికిత్స అయిపోగానే పంపించేస్తాను. వీధివైపు గదిలో పళ్ళ అచ్చుల పెట్టెలు ఉండేవి కదా, అవన్నీ తీయించేశాను. కిటికీ పక్కన బల్ల వేయించాను. ఊరికే, గది బాగుంటుందని.

ఆలోచించి చెప్పు. దాని పళ్ళ కోసమే అడుగుతున్నాను.

గువ్వ అత్త


ఇల్లు

ఆడపడుచుగారికి,

గది సర్ది, బల్ల వేయించి, బడి చూసొచ్చి, ఆ తర్వాత నన్ను అడుగుతున్నావు. బాగుంది.

"అడగడంలో తప్పేముంది?" అన్నాడు మీ అన్నయ్య. ఆ పూట ఆయన కూర తనే వండుకున్నాడు.

గువ్వని అడిగాను. "అత్త దగ్గరుండి చదువుకుంటావా?" అన్నాను. అది కనీసం ఆలోచిస్తున్నట్టు నటించినా బాగుండేది. "ఊఁ. నా ఆట బూట్లు కూడా తీసుకెళ్ళాలా?" అంది. నేను లేచి వంటింట్లోకి వెళ్ళిపోయాను. కుళాయి తిప్పి ఊరికే నిలబడ్డాను.

పంపను. చదువుకీ పంపను, సెలవులకీ పంపను. ఈ ఊళ్ళోనూ పళ్ళ డాక్టర్లున్నారు. నీకు పిల్ల కావాలంటే నా పిల్ల మీద కన్నేయకు.

ఈ చివరి మాట కొట్టేద్దామనుకున్నాను. కొట్టేయడం లేదు.

వదిన


క్లినిక్

వదినా,

నీ చివరి మాట చదివాను. కొట్టేయనందుకు థాంక్స్, మనసులో ఏముందో తెలిసింది.

దాన్ని ఇంకో డాక్టరు చేతిలో పెట్టకు. సగంలో ఉన్న కేసు. నేను చేసిన ప్లేటు మీద ఇంకొకరు చెయ్యి పెడితే మొదటికొస్తుంది. గార్డు మరీ బిగుతుగా ఉంటే ఆట మాన్పించు. పట్టని గార్డుతో ఆడకూడదు, గార్డు లేకుండా అసలు ఆడకూడదు.

నీకు పొద్దున్న లేస్తే కనిపిస్తుంది. జడ వేయమని నీ ఒళ్ళోకొచ్చి కూర్చుంటుంది. జ్వరమొస్తే నిన్ను పట్టుకుని పడుకుంటుంది. నాకు దక్కేది నెలకో శనివారం. శుక్రవారం నుంచే ఇల్లు సర్దుకుంటాను, ఆదివారం ఇల్లంతా బావురుమంటుంది. ఆ ఒక్క శనివారం మీద నీకు కుళ్ళు. నీకున్న మిగతా రోజులన్నిటి మీదా నాకెంత ఉండాలి?


పళ్ళ ఆసుపత్రి, వరండా,
నవంబరు

మీ అన్నయ్య ఫోను చేసి చెప్పే ఉంటాడు. నిన్ను ఇప్పుడే రావద్దని చెప్పించింది నేనే. నువ్వు వస్తే నేను ఏం మాట్లాడతానో నాకే భయంగా ఉంది. ఆట దగ్గర ఆయన లేడు కాబట్టి, జరిగింది నేనే రాస్తున్నాను.

సెమీఫైనల్. ఆట మాన్పించమని నువ్వు రాశావు. అది వైద్యం కాదు, నా మీద కసి అనుకున్నాను. జట్టులో బాగా ఆడేది అదొక్కతే. సగం ఆట అయ్యాక పక్కకొచ్చి గార్డు ఉమ్మేసింది. "చిగురు కోసుకుపోతోందమ్మా" అంది. చూస్తే నిజంగానే ఎర్రగా కమిలిపోయి ఉంది. గార్డు తీసుకుని నా జేబులో వేసుకున్నాను. ఆడించాను.

బంతి కోసం ఇద్దరు పైకి ఎగిరారు. అవతలి పిల్ల మోచెయ్యి తగిలింది. చప్పుడు గట్టిగా కూడా రాలేదు. గువ్వ నోరు పట్టుకుని కూర్చుండిపోయింది, చేతుల సందుల్లోంచి రక్తం. పై ముందుపన్ను, ఎడమది, వేరుతో సహా నేల మీద పడి ఉంది.

అందరూ అరుస్తున్నారు. ఎవరో పారేయమన్నారు, ఎవరో డెటాల్‌తో కడగమన్నారు. నాకు నీ పాఠం తప్ప ఏదీ వినపడలేదు. తెల్లవైపు పట్టుకున్నాను. సీసాలో నీళ్ళు పోశాను, రుద్దలేదు. దాని తల నా మోకాళ్ళ మీద పెట్టుకుని ఆ సందులోకి తోశాను. ఎంతో తేలిగ్గా వెళ్ళిపోయింది, దానికే నాకు భయం వేసింది. రుమాలు మడిచి కొరకమన్నాను. నోరంతా రక్తం, మాట్లాడే స్థితిలో లేదు.

ఇక్కడి డాక్టరు చూసి, "ఎవరు పెట్టారు?" అంది. నేనే అన్నాను. "సరిగ్గా పెట్టారు" అంది. పక్కపళ్ళకి కలిపి సన్నటి తీగ అంటించింది. ఇప్పుడు నిద్రపోతోంది. పెదవి ఉబ్బిపోయి మొహం గుర్తుపట్టలేకుండా ఉంది.

వదిన


క్లినిక్

వదినా,

నేను బతికుండగా ఆ పిల్లకి ఇది జరగకూడదనుకున్నాను.

వారం పది రోజులు మెత్తటివే పెట్టు. ఆ పంటితో కొరకనివ్వకు. మెత్తటి బ్రష్‌తో శుభ్రం చెయ్యి, రోజూ. లోపలి నరం బతకదు, దానికి వైద్యం చేయించాలి, డాక్టరు చెప్పిన రోజు దాటనివ్వకు. ప్లేటు తీసి పక్కన పెట్టు, ఇప్పట్లో ఆ పన్ను మీద ఏ బలమూ పడకూడదు. ఇంతా చేస్తే నిలబడుతుందా అంటే చెప్పలేను. కొన్ని నిలబడతాయి, కొన్నిటి వేరు మెల్లగా కరిగిపోతుంది. ఏళ్ళ తరబడి చూస్తూ ఉండాల్సిందే.

నువ్వు పన్ను పెట్టిన తీరు మా చదువు చదివినవాళ్ళకి కూడా అందరికీ చేతకాదు. అది ఒప్పుకుంటాను. కానీ గార్డు నీ జేబులో పెట్టుకుని పిల్లని కోర్టులోకి ఎలా తోశావు వదినా? ఆట మాన్పించమని రాసి మరీ చెప్పాను.

గువ్వ అత్త


ఇల్లు,
నవంబరు చివర

డాక్టరమ్మకి,

ఎలా తోశానని అడిగావు. గెలవాలని తోశాను. దాని మొహం చూసినప్పుడల్లా ఆ జేబు గుర్తొస్తుంది, నువ్వేమీ గుర్తుచేయక్కర్లేదు.

ఇప్పుడు నేను అడుగుతాను. ఈ వేళ డాక్టరుకి ఆ నీలం గార్డు చూపించాను. పళ్ళ ముందు పెట్టి పోల్చి చూసి, "ఇది ఎప్పుడో పట్టడం మానేసింది. కొత్తది ఎందుకు చేయించలేదు?" అంది. మా ఆడపడుచు డాక్టరు, సెలవుల్లో చేస్తానంది అన్నాను. ఆవిడ వింతగా చూసింది. "దీనికి సెలవులెందుకమ్మా? ఆవిడ నాకొక ముక్క రాసిస్తే మేమే అచ్చు తీసి చేసిచ్చేవాళ్ళం. పెద్ద పనేం కాదు" అంది.

పెద్ద పనేం కాదట. మరి ఆ ముక్క ఎందుకు రాయలేదు? "ఇంకో డాక్టరు చేతిలో పెట్టకు" అని నాకు మాత్రం రాశావు. ప్లేటు సంగతి నాకు తెలీదు, నీ మాటే నమ్ముతాను. గార్డుకి కూడా నీ చెయ్యే కావాలా? అది బిగుతుగా ఉందని నీకు సెప్టెంబరులోనే తెలుసు. గార్డు కోసమైనా పిల్ల సెలవుల్లో నీ దగ్గరికి రాక తప్పదని చూశావు. కాదంటే కాదని రాయి. నమ్మడానికి ప్రయత్నిస్తాను.

వదిన


క్లినిక్ పైన ఇల్లు,
డిసెంబరు

వదినా,

అవును.

ఆ చిన్న గార్డు చేయడానికి ఎవరైనా సరిపోతారు. కానీ ఇంకో మనిషి దాని నోట్లో వేలు పెట్టి "ఆ అను తల్లీ" అంటుంటే, అది నవ్వుతుంటే, ఆ ఊహే నేను భరించలేకపోయాను. బిగుతైన గార్డుని ఏ పిల్లయినా తీసి పారేస్తుందని నాకు తెలుసు. తల్లిదండ్రులకి రోజూ నేనే చెబుతాను. అయినా సెలవుల దాకా ఏం కాదులే అనుకున్నాను. నువ్వు సెలవులకి పంపనన్నాకైనా రాయాలి. రాయకుండా ఆట మాన్పించమన్నాను. నీ ఆట మాన్పిస్తే నీకూ కాస్త నొప్పి తెలుస్తుందనుకున్నాను. కసి అనుకున్నానన్నావు, సగం కసే.

ఎక్స్‌రేలు, అచ్చులు, నేను రాసుకున్నవన్నీ మీ డాక్టరుకి పంపించేశాను. ఫోను చేసి మాట్లాడాను కూడా. నెమ్మదస్తురాలు, పని తెలిసిన మనిషి. ఇకనుంచి గువ్వని ఆవిడే చూస్తుంది. బడి మాట మళ్ళీ ఎత్తను. వీధి గదిలో పెట్టెలు మళ్ళీ పెట్టించేశాను.

ఒక్కటి అడుగుతాను. అడగకూడదని తెలుసు. పన్ను ఊడినప్పుడు, ఆ గొడవలో, అది నన్ను తలుచుకుందా? మాట్లాడే స్థితిలో లేదని రాశావు. అయినా అడగాలనిపించింది. జవాబు రాయకపోయినా ఏమీ అనుకోను.

గువ్వ అత్త


ఇల్లు,
డిసెంబరు, బుధవారం

అమ్మాయీ,

నీ ఉత్తరం వచ్చి చాలా రోజులైంది. చదివాక నిన్ను దులిపేస్తూ ఒకటి రాశాను, చించేశాను. ఇది రాయకుండా ఉండాలని చూశాను, నా వల్ల కాలేదు.

దెబ్బ తగిలితే ఎవరైనా ఏమంటారు? అమ్మా అంటారు. ముసలివాళ్ళు కూడా అమ్మా అనే అంటారు. నా కూతురు నోట్లోంచి చేతులు తీసి, ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చున్న నా కళ్ళలోకి చూస్తూ "అత్తా" అని అరిచింది. ఒకసారి కాదు. అవతలి జట్టు కోచ్ "వాళ్ళత్త ఎక్కడున్నారో పిలవండి" అని జనంలోకి చూసి కేకేశాడు. ఆయనకి నేను తల్లినని తెలుసు. పన్ను నా వేళ్ళ మధ్య ఉంది. ఆ క్షణంలో అది ఎక్కడికైనా విసిరేసి వెళ్ళిపోదామనిపించింది. నిజంగా అనిపించింది. కానీ పిల్ల నిన్ను పిలుస్తోంది, నువ్వు లేవు. అందుకని నీ పని నేను చేశాను.

మాట్లాడే స్థితిలో లేదని నీకు అబద్ధం రాశాను. ఆ ఒక్క మాట నీకు దక్కకూడదనుకున్నాను. అది నీ సొమ్ము, ఇచ్చేస్తున్నాను.

తీగ తీసేశారు. పన్ను గట్టిగానే ఉందని డాక్టరు అంది. నరం వైద్యమూ మొదలైంది. ఆవిడ చెయ్యి మంచిదే, గువ్వ మాత్రం ఆవిడ ఎన్ని జోకులేసినా నవ్వదు. మళ్ళీ ఆడతానంటోంది. కొత్త గార్డు లేనిదే కోర్టులో కాలు పెట్టనివ్వనని చెప్పాను. అది నువ్వే చెయ్యాలట, నీలం రంగే కావాలట. బడి మాత్రం ఇక్కడే, అందులో ఎవరి మాటా వినను. సెలవులు నీవి. గదిలోంచి ఆ పెట్టెలు తీయించు.

నా కుళ్ళు తగ్గిందనుకోకు, రవ్వంత కూడా తగ్గలేదు. ఈ శనివారం మ్యాచ్ ఇంకొకరికి అప్పజెప్పాను. మీ అన్నయ్య రావడం లేదు, నేనే దాన్ని తీసుకొస్తున్నాను. స్టేషనుకి రా. రైలు ఆగగానే అది నా చెయ్యి విడిపించుకుని నీ దగ్గరికి పరిగెత్తుతుంది. అప్పుడు నేను లోపల సామాను సర్దుకుంటూ ఉంటాను.

వదిన